వంటింటి చెత్తతో టమాటాలు: విశాఖలో ఏ ఎరువు ఎవరికి కుదురుతుంది

టమాటా మొక్కలకి వంటింటి చెత్తతో ఎరువు చేసుకోవాలి, ఏ పద్ధతి మంచిది అని ఎవరైనా అడిగితే నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. మీ ఇంట్లో చెత్తబుట్ట ఖాళీ చేసేది ఎవరు? అందరూ నవ్వుతారు. కానీ జవాబు అక్కడే ఉంది. రోజూ డాబా ఎక్కే మనిషి ఉన్న ఇంటికి ఒక పద్ధతి కుదురుతుంది, ఆదివారం తప్ప తీరిక లేని ఇంటికి ఇంకోటి. పనమ్మాయికి చెప్పేసి మర్చిపోయే ఇంటికైతే కొని తెచ్చుకోవడమే నయం.

మాది సీతమ్మధార. డాబా మాదే కాబట్టి ఏడేళ్లుగా అక్కడ పాత పెయింటు బకెట్లలో టమాటా వేస్తున్నాను. డ్రమ్ము, వానపాములు, ఊరబెట్టే బకెట్టు, కొన్న సంచులు అన్నీ చూశాను. రెండుసార్లు గట్టిగా దెబ్బ తిన్నాను. ఆ రెండూ కింద చెబుతాను.

ముందు లెక్క చూసుకోండి

మా ఇంట్లో నలుగురం. ఒక వారం పాటు తొక్కలూ తొడిమలూ రోజూ కాటా వేసి చూశాను. రోజుకి ఏడెనిమిది వందల గ్రాములు తేలింది. అంటే నెలకి 22, 23 కిలోలు. ఇదంతా మగ్గి ఎరువయ్యేసరికి ఎండాకులతో కలిపి నాలుగైదు కిలోలు మిగులుతుంది. మిగతాదంతా నీళ్లూ గాలీ. 20 లీటర్ల బకెట్టులో ఒక టమాటా మొక్క పెట్టాలంటే మట్టిలో కలపడానికే మూడు కిలోలు కావాలి, ఆ పైన పదిహేను ఇరవై రోజులకోసారి రెండు గుప్పిళ్లు. కాబట్టి ఒక నెల చెత్త ఒక్క మొక్కకి సరిపోతుంది, ఇంకాస్త మిగులుతుంది. మగ్గడానికి పట్టే కాలం కూడా లెక్కేస్తే, జూన్ నుంచి కూడబెడితే అక్టోబరుకి మూడు నాలుగు బకెట్లు నింపగలరు. ఇరవై కుండీలు పెడదామనుకుంటే మాత్రం ఏ పద్ధతి ఎంచుకున్నా బయట కొనక తప్పదు.

రెండో లెక్క బలం గురించి. ఇంటి కంపోస్టులో నత్రజని 1 శాతం, బాగా చేస్తే 1.5 శాతం ఉంటుంది. యూరియాలో 46 శాతం. పైగా కంపోస్టులో ఉన్నదంతా మొక్కకి వెంటనే అందదు, నెమ్మదిగా వదులుతుంది. టమాటా ఏమో తిండిపోతు మొక్క. ఒట్టి కంపోస్టుతో కాయలు వస్తాయి, కానీ మూడో కోతకే మొక్క నీరసించిపోతుంది. పిల్లాడికి అన్నం ఒక్కటే పెట్టి పెంచినట్టు ఉంటుంది. పప్పూ కూరా కూడా కావాలి కదా. అందుకే నేను నాటేటప్పుడు బకెట్టుకి గుప్పెడు వేపపిండి కలుపుతాను. అందులో నత్రజని 4, 5 శాతం దాకా ఉంటుంది, మట్టిలో పురుగుని కూడా కొంత అదుపులో పెడుతుంది.

మరి కంపోస్టు దేనికి అంటే, మన మట్టికి. ఇక్కడి ఎర్రమట్టిలో పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోతాయి, ఎండితే పైన పెచ్చు కడుతుంది. కంపోస్టు కలిసిన మట్టి మాత్రం పిడికిట్లో నొక్కితే ముద్దయి, వేలితో తాకితే విడిపోతుంది. ఆ గుణం ఏ గుళికల ఎరువూ ఇవ్వదు.

డ్రమ్ము: నా ఓటు దీనికే, ఒక షరతు మీద

50, 60 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, చుట్టూ కాల్చిన ఊచతో పెట్టిన చిల్లులు, అడుగున కూడా నాలుగు చిల్లులు, కింద ఎత్తుకి ఇటుకలు. ఇంతకన్నా సామాను అక్కర్లేదు. అడుగున నాలుగు వేళ్ల మందం కొబ్బరి పీచు వేసి, రోజూ తొక్కల్ని చిన్న ముక్కలు చేసి వేయడం, ఒక డబ్బా తడి చెత్తకి రెండు డబ్బాల ఎండాకు కప్పడం, వారానికి రెండుసార్లు కర్రతో తిరగెయ్యడం. మొదట్లో కాస్త పుల్ల మజ్జిగో పాత కంపోస్టో చల్లితే త్వరగా అందుకుంటుంది. రెండు నుంచి మూడు నెలల్లో తయారవుతుంది.

ఆ షరతు ఎండాకు. వైజాగ్‌లో కంపోస్టు డ్రమ్ము కంపు కొట్టిందని మానేసిన పది ఇళ్లలో తొమ్మిదింటికి ఎండాకు తక్కువైందని నా అనుమానం. గాలిలోనే ఇంత తేమ ఉన్న ఊళ్లో తడి మీద తడి వేస్తే లోపలికి గాలాడదు, కుళ్లుతుంది. చిక్కేమిటంటే, ఎండాకు దొరికేది శీతాకాలం చివర్లో, వేసవిలో. దానితో అవసరం పడేది వానల్లో. అందుకని నాటు బాదం చెట్లు ఎర్రబడి ఆకు రాల్చే రోజుల్లో పొద్దున్నే గోనె సంచులు పట్టుకుని వీధి చివరికి వెళ్తాను. ఆ ఆకు తోలులా మందంగా ఉంటుంది, అలాగే వేస్తే ఆరు నెలలైనా మగ్గదు. సంచిలోనే ఎండబెట్టి, మూతి కట్టి, పైన చెప్పులతో నాలుగు తొక్కులు తొక్కితే అప్పడాల్లా విరుగుతుంది. వేపాకైతే ఆ శ్రమ కూడా లేదు. ఆకు దొరకనివాళ్లు అట్టపెట్టెలు చింపి వేసుకోవచ్చు. రంపపు పొట్టు జోలికి మాత్రం ఎక్కువ పోకండి. సరిగా మగ్గని పొట్టు మట్టిలోని నత్రజనిని తనే లాగేసుకుంటుంది, మొక్క పసుపెక్కుతుంది.

ఒక రోజు మా పనమ్మాయి డాబా మీంచి కేక వేసింది, "అమ్మా, డ్రమ్ము నిండా పురుగులే, బండిలో పారబోసేస్తున్నా" అని. పరిగెత్తుకెళ్లి చూస్తే వేలెడంత మందాన బూడిద రంగు పురుగులు, చదునుగా, కదులుతూ ఉన్నాయి. చూడ్డానికి ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. అవి సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. పెద్ద ఈగ కుట్టదు, ఇంట్లోకొచ్చి అన్నం మీద వాలదు. ఈ పిల్లలు మామూలు కంపోస్టు వారంలో తినేదాన్ని రెండు రోజుల్లో తినేస్తాయి. వద్దనుకుంటే రెండు గంపల ఎండాకు కలిపి తేమ తగ్గించండి, వాటంతట అవే పల్చబడతాయి. నేను వాటిని వదిలేశాను. పనమ్మాయి మాత్రం ఇప్పటికీ ఆ డ్రమ్ము మూత తియ్యదు.

ఇంటి డ్రమ్ముకి ఒక బలహీనత ఉంది. పెద్ద కుప్పలో వేడి 60 డిగ్రీల దాకా ఎక్కి గింజలూ తెగుళ్లూ చస్తాయి. మన డ్రమ్ము చిన్నది, అంత వేడి నిలవదు. అందుకే కంపోస్టు వేసిన ప్రతి కుండీలోనూ పిలవని పేరంటంలా టమాటా మొలకలు వస్తాయి. వాటిని పెంచుకోవచ్చు గానీ, బజారు టమాటా హైబ్రిడ్ అయితే తల్లి లాంటి కాయ రావాలని లేదు. తెగులు సంగతి ఇంకా ముఖ్యం. పచ్చగా ఉన్న మొక్క ఒక్కసారిగా వాడిపోతే, కాండం అడుగున కోసి ఆ ముక్కని గాజు గ్లాసులో నీళ్లలో వేలాడదీయండి. పాల దారంలా తెల్లగా కిందికి జారితే అది బాక్టీరియా వడలు తెగులు. ఆ మొక్క డ్రమ్ములోకి వెళ్లకూడదు, ఆ మట్టిలో మళ్లీ టమాటా, వంగ, మిరప పెట్టకూడదు. ఈ తెగులు తగిలిన ఇళ్లవాళ్లు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క రక్షక్ విత్తనం వాడి చూడండి. ఆకుముడత, వడలు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునేలా తయారుచేసిన రకం అది.

పండని కంపోస్టు కన్నా కంపోస్టు లేకపోవడం నయం

నా మొదటి దెబ్బ ఇది. తొలి ఏడాది అక్టోబరులో నారు సిద్ధంగా ఉంది, డ్రమ్ము పెట్టి ఇరవై ఐదు రోజులే అయింది. పైన నల్లగా కనిపించింది కదా అని సగం సగం కలిపి ఆరు మొక్కలు నాటేశాను. నాలుగో రోజు మధ్యాహ్నానికి ఆకులు వేలాడాయి. నీళ్లు చాలలేదేమో అని ఇంకా పోశాను. వారం తిరిగేసరికి రెండు మిగిలాయి. మట్టిలో వేలు పెడితే గోరువెచ్చగా తగిలింది. వేర్లు గోధుమ రంగులోకి తిరిగి, పులిసిన పిండి వాసన వేశాయి. లోపల ఇంకా కుళ్లుతోంది, వేరుకి అందాల్సిన గాలిని అదే లాగేసుకుంటోంది. మా అత్తయ్య చూసి, "గెత్తమైనా ఏడాది మగ్గనిస్తాం కదే, నీకంత తొందరేంటి" అంది. ఆవిడ ఎస్.కోట వైపు పల్లెలో పుట్టి పెరిగింది, గెత్తం అంటే పశువుల ఎరువు.

అప్పట్నుంచి నేను రెండు పరీక్షలు చేయకుండా కంపోస్టు వాడను. గుప్పెడు తడి కంపోస్టు ప్లాస్టిక్ కవరులో గట్టిగా కట్టి మూడు రోజులు ఉంచి విప్పాలి. తొలివాన పడిన మట్టి వాసన వస్తే పండినట్టు, పుల్లగా ఘాటుగా వస్తే ఇంకా టైం ఉంది. రెండోది మెంతులు. ఒక గిన్నెలో కంపోస్టు వేసి పది మెంతులు చల్లితే నాలుగైదు రోజుల్లో ఎనిమిదైనా మొలవాలి. ఏ పద్ధతిలో చేసినా, కొని తెచ్చినా, ఈ మెంతుల పరీక్ష పెట్టండి.

వానపాములు: ఎరువు గొప్పది, డాబా కాదు

ఎరువు నాణ్యతలో వర్మీ కంపోస్టుదే పైచేయి. టీపొడిలా గుల్లగా వస్తుంది, నారుకి కూడా భయం లేకుండా వేయొచ్చు. కానీ ఆ పురుగులకి 15 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటేనే హాయి, 35 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. మే నెలలో మన శ్లాబు మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడండి, అర్థమవుతుంది. నా రెండో దెబ్బ అదే. నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి టబ్బు దగ్గరికి వెళ్లలేనంత వాసన.

మెట్ల కింద నీడ ఉండి, గోనె తడపడానికి రోజూ ఒక మనిషి ఉన్న ఇంటికి ఇది బాగుంటుంది. చీమలు పట్టకుండా టబ్బు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాలి, మన అమ్మమ్మలు తిండి బీరువాకి పెట్టినట్టు. పచ్చి చెత్త నేరుగా వేయకూడదు, పది పదిహేను రోజులు విడిగా మగ్గబెట్టి ఇవ్వాలి. ఉల్లి తొక్కలు, నిమ్మ చెక్కలు, మిరపకాయలు, ఉప్పు తగిలినవి వాటికి గిట్టవు. ఉల్లీ మిరపా లేని తెలుగు వంటింటి చెత్త ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

ఊరబెట్టే బకెట్టు

దీన్ని బొకాషి అంటారు. ఆవకాయ జాడీకి దగ్గరి చుట్టం. గాలి చొరని బకెట్టులో చెత్త వేయడం, సూక్ష్మజీవులు పట్టించిన తవుడు చల్లడం, అదిమి మూత పెట్టడం. నిండాక రెండు వారాలు కదపకూడదు. కింద కుళాయి నుంచి రెండు మూడు రోజులకోసారి పుల్లటి నీళ్లు తీసి, వంద వంతుల నీళ్లలో కలిపి మొక్కలకి పోయొచ్చు. కంపు దాదాపు ఉండదు. మిగిలిన అన్నం, చేప ముళ్లు కూడా వేసుకోవచ్చు. మిగతా పద్ధతులకి లేని సుఖం ఇది.

కానీ ఒక మాట చాలామంది చెప్పరు. రెండు వారాల తర్వాత మీ చేతికొచ్చేది ఎరువు కాదు, ఊరిన చెత్త. దాన్ని మట్టిలో కలిపి ఇంకో రెండు మూడు వారాలు కప్పెట్టాలి, లేకపోతే ఆ పులుపుకి టమాటా వేరు మాడుతుంది. ఫ్లాటులో ఉండేవాళ్లు ఒక పాత టబ్బులో వాడేసిన కుండీ మట్టి ఉంచుకుని, మూడో వంతు ఈ సరుకు కలిపి మూసి పెట్టుకోవాలి. తవుడు మళ్లీ మళ్లీ కొనాలి, అదొక ఖర్చు.

పెరడు ఉంటే గొయ్యి

పెందుర్తి, ఆనందపురం వైపు స్థలం ఉన్నవాళ్లు ఇవేవీ పెట్టుకోనక్కర్లేదు. అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, వేస్తూ మట్టి కప్పుతూ పోయి, రెండు నెలల తర్వాత పక్కన మొక్క పెట్టండి. లోతు తగ్గితే రాత్రి పందికొక్కులు తవ్వేస్తాయి. చేపల చెత్త, రొయ్య పొట్టు మన ఊళ్లో ఎక్కువ కదా, వాటికి నిజమైన చోటు ఈ గొయ్యే. డాబా మీద డ్రమ్ములో వేస్తే వీధిలో పిల్లులన్నీ మీ ఇంటికే వస్తాయి. చేపలు కడిగిన నీళ్లు మొక్కకి పోసేవాళ్లు కూడా మొక్క మొదలు దగ్గర పోసి పైన మట్టి కప్పండి.

ఏ పద్ధతిలోనైనా ఉప్పు సంగతి మరవొద్దు. సాంబారు అడుగు, పచ్చడి మిగులు నేరుగా వేస్తే ఆ ఉప్పంతా చిన్న కుండీలో పేరుకుంటుంది. ఒకసారి నీళ్లతో కడిగి వేయండి. టీ పొడిలో పంచదార పోయేలా కడిగితే చీమల గోల కూడా తగ్గుతుంది. కొబ్బరి పొట్టు ఇటుకలు కూడా కడిగినవే కొనండి, లేదా ఒక రాత్రి నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి.

కొనేటప్పుడు

కొనడంలో తప్పేం లేదు. పశువుల గెత్తం దొరికితే, ఏడాది మగ్గినది, చేత్తో పట్టుకుంటే పొడిగా రాలేది, పేడ వాసన లేనిది తీసుకోండి. పచ్చి గెత్తంతో పాటు తెల్లటి వేరుపురుగు వస్తుంది. గుండ్రంగా ముడుచుకుని ఉంటుంది, అది వేరు కొరికేదాకా మనకి తెలియదు. సంచి వర్మీ కంపోస్టయితే, గాజు గ్లాసు నీళ్లలో రెండు చెంచాలు కలిపి అరగంట చూడండి. ఒకసారి నేను తెచ్చిన సంచిలో సగానికి పైగా ఇసుకా ఎర్రమట్టీ అడుక్కి దిగాయి. ఎక్కడ కొన్నానో చెప్పి లాభం లేదు, గ్లాసు పరీక్ష చేసుకోండి చాలు.

రసాయన ఎరువుల మీద నాకు పగ లేదు. మొక్క పసుపెక్కి నీరసంగా ఉన్నప్పుడు నీళ్లలో కరిగే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లీటరుకి రెండు మూడు గ్రాములు కలిపి పోస్తే వారంలో తేడా కనిపిస్తుంది, అదే పని కంపోస్టు నెలకి చేస్తుంది. కాకపోతే కుండీలో దానితోనే బతికిస్తే మట్టి పైన తెల్లటి పొర కడుతుంది, వేరు దెబ్బతింటుంది. కంపోస్టు పునాదిగా వేసి, అవసరమైనప్పుడు దీన్ని మందులా వాడుకోవడం నా పద్ధతి. ఒట్టి సేంద్రియమే కావాలనేవాళ్లు పూత సమయంలో చెంచా కట్టెల బూడిద వేసుకోవచ్చు, పొటాష్ అందుతుంది. మొక్క ఏపుగా పెరిగి, ముదురాకుపచ్చగా ఉండి, పూత లేదంటే నత్రజని ఎక్కువైందని అర్థం. వేపపిండీ గెత్తం ఆపేయండి.

ఎరువు మీదికి తోసేసే రెండు తప్పులు

కాయ అడుగున నల్లగా అణిగిపోతే అందరూ గుడ్డు పెంకులు అంటారు. కాల్షియం లోపమే, నిజం. కానీ పెంకు కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకి అందదు. పైగా చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, నీళ్లు ఒక రోజు పోసి రెండు రోజులు మరిచిపోతే అది కాయ దాకా చేరదు. నేను పెంకుల పొడి మానేసి పొద్దున ఏడింటికి రోజూ ఒకే కొలత పోయడం మొదలుపెట్టాక నల్లమచ్చ దాదాపు పోయింది.

రెండోది కాలం. మేలో టమాటా పూత రాలిపోతే ఎరువు బాగోలేదనుకుంటారు. మన ఊరి పగళ్లు విజయవాడంత మండవు గానీ, రాత్రి 27, 28 డిగ్రీల కంటే దిగదు. రాత్రి 25 దాటితే టమాటా పూత కాయగా నిలవడం కష్టం. బంగారం లాంటి కంపోస్టు వేసినా అంతే. ఆగస్టు చివర్లో నారు పోసి, సెప్టెంబరు చివర్లో నాటుకుంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాయలు. అంటే డ్రమ్ము జూన్‌లోనే మొదలవ్వాలి. మధ్యలో అక్టోబరు, నవంబరు తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లకి డాబా మీద డ్రమ్ముని ఎందుకు తాడుతో కట్టాలో చెప్పక్కర్లేదు. మూత మీద రెండు ఇటుకలు, చుట్టూ తాడు, వాన నీరు చిల్లుల్లోంచి బయటికి పోయే దారి.

మా వదిన మధురవాడలో తొమ్మిదో అంతస్తులో ఉంటుంది, ఇద్దరూ ఉద్యోగాలు. వీడియో చూసి వానపాములు కావాలంది. "వదినా, సంక్రాంతికి మీరు ఊరెళ్తే వాటికి నీళ్లెవరు చల్లుతారు?" అన్నాను. చివరికి రెండు ఊరబెట్టే బకెట్లూ ఒక మట్టి టబ్బూ కొంది, నాలుగే మొక్కలు పెడుతోంది. మిగతా తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో వేరుగా బండికి ఇచ్చేస్తుంది, కాపులుప్పాడ చెత్త యార్డుకి ఆ మేరకు కలగాపులగం తగ్గుతుంది. నారు వేళకి నా డ్రమ్ములోంచి ఒక సంచి పండిన కంపోస్టు ఇస్తానన్నాను. బదులుగా వాళ్ల అపార్ట్‌మెంట్ వెనక రాలే నాటు బాదం ఆకులు నాలుగు గోనెలు కావాలన్నాను. మూడు అంటోంది.